పట్టుపురుగుల షెడ్డులో ఒంటికన్ను

నేను ఒకప్పుడు మాట్లాడిన ఫోన్‌ని. ఇప్పుడు నాకు నోరు లేదు. కిందపడి స్పీకరు పోయింది, అద్దం ఈ మూల నుంచి ఆ మూలకు చీలింది. వీపు మీది కెమెరా ఒక్కటే చెక్కు చెదరలేదు. మనుషులు ముసలితనంలో ఒక్కో పనీ వదులుకుంటూ చివరికి అరుగెక్కి, వచ్చేపోయేవాళ్లను చూస్తూ కూర్చుంటారు. నా బతుకూ అక్కడికే వచ్చింది. కాకపోతే నేను చూసింది చూసినట్టే ఇంకొకరికి చేరవేస్తాను. కొండేలు చెప్పే ఈ గుణం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. తర్వాత నాలోకి ఎక్కించారు.

నన్ను బిగించింది తెల్లటోపీలు పెట్టుకున్న ఆడపిల్లలు. అందులో ఒకమ్మాయి నల్లచుక్కలున్న కాగితాన్ని నా కంటికెదురుగా పట్టి, చుక్కలన్నీ స్పష్టంగా కనబడ్డాక నన్ను పక్కపెట్టెలోకి తోసింది. ఎవరూ నన్ను ముద్దాడలేదు, పేరు పెట్టలేదు. చూపు బాగుందని మాత్రం తేల్చి పంపారు.

హిందూపురం అంగట్లో నన్ను కొన్నది నింజప్ప. అతనిది మడకశిర దగ్గర ఒక పల్లె. టెంపో నడిపేవాడు, రైతుల పట్టుగూళ్లను సంతకు చేర్చేవాడు. అవతలివాడు పక్క ఊళ్లో ఉంటే, నేను లేకపోయినా వినబడేంత గట్టిగా నాలో మాట్లాడేవాడు. ఖాళీ దొరికితే ఫొటోలు తీసేవాడు. టెంపో మీద కూర్చున్న కాకి, బస్టాండులో బజ్జీలు, కోపంగా ఉన్న పెళ్లాం, అందరూ నాలో ఉండేవారు. ఆ పెళ్లాం పేరు అశ్వత్థమ్మ. ఫొటో తీస్తే కొంగు మొహానికి అడ్డం పెట్టుకునేది, తర్వాత ఎలా పడిందో చూపించమని వెంటబడేది.

కామెర్లు ముదిరి నింజప్ప పోయాడు. టెంపో అమ్మేశారు. నేను అశ్వత్థమ్మ ట్రంకుపెట్టెలో చీరల కిందికి చేరాను. ఎప్పుడైనా తీసి, ఛార్జింగు పెట్టి, ఆ బొమ్మలు చూసుకునేది. అప్పుడు మాత్రం ఆ ఇంట్లో ఆమె మొహం నాకు దగ్గరగా కనబడేది.

ఆ ఇంట్లో నలుగురు ఉండేవారు. అత్త మారెక్క, మరిది తిప్పేస్వామి, తోడికోడలు పుష్పావతి, అశ్వత్థమ్మ. ఇంటి వెనక రేకుల షెడ్డులో పట్టుపురుగులు పెంచేవారు. పట్టుపురుగు నాలుగుసార్లు తిండి మాని, తలెత్తి నిద్రపోయి, చర్మం విడుస్తుంది. ఆ నిద్రను ఈ ఊళ్లో జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచాక ఇక తిండే తిండి. కొన్నాళ్లకు ఒళ్లు పండి, చంద్రికలనే వెదురు తట్టల మీదికెక్కి గూడు కడుతుంది. నింజప్ప పోయాక వచ్చిన మొదటి పంటలో, సరిగ్గా ఆ నాలుగో జ్వరం లేచాక, పురుగులు పచ్చటి రసం కక్కుకుని చచ్చాయి.

ఇంట్లో ఎవరూ కారణం వెతకలేదు. వెతకకుండానే దొరికింది. మొగుడు పోయిన ఆడది షెడ్డులోకి పోతోంది, ఆమె కన్ను తగిలింది. అశ్వత్థమ్మను షెడ్డు గడప తొక్కొద్దన్నారు. ఆమె బయట పందిరి కింద కూర్చుని మల్బరీ కొమ్మలు కత్తిరించి ఇస్తే, పుష్పావతి లోపల పరిచేది. మారెక్క కూడా మొగుణ్ని పోగొట్టుకున్నదే. అయినా ఆమె రోజుకు రెండుసార్లు లోపలికి పోయి పురుగుల బాగోగులు చూసి వచ్చేది. ఈ సంగతి ఎవరికీ వింతగా తోచలేదు.

రెండో పంటకు పురుగులు తెచ్చిన వారంలో తిప్పేస్వామి వదిన దగ్గరికి వచ్చాడు.

"వదినా, అన్న ఫోను ఒకటుండాది కదా, ఇస్తావా?"

"యాలప్పా? అది పలకదే."

"పలికే పని ల్యా. కన్నుంటే సాలు. షెడ్డులో కెమెరా మాదిరి పెడ్తా. పాత ఫోన్లను అట్ల వాడుకోవచ్చని వీడియోలో చూసినా."

"దొంగల కోసరమా?"

"ఊఁ. దొంగలకు, ఎలకలకు, పురుగును తినే ఊజి ఈగకు, అన్నిటికీ."

ఆమె పెట్టె తెరిచి నన్ను తీసి, కొంగుతో తుడిచి ఇచ్చింది. "మీ అన్న బొమ్మలుండాయి అందులో. భద్రమప్పా" అంది.

"యాడికీ పోవులే."

ఆ సాయంత్రమే పోయాయి. లోపల చోటు చాలడం లేదని తిప్పేస్వామి అన్నిటినీ ఎంచి ఒక్క నొక్కు నొక్కాడు. కాకీ, బజ్జీలూ, కొంగు చాటు మొహమూ ఒక్కసారిగా మాయమయ్యాయి. ఆమెకు ఎవరూ చెప్పలేదు. తర్వాత నాలోకి ఏదో ఎక్కించి, ఒక సిమ్ము వేసి, అరిగిపోయిన హవాయి చెప్పును నా కొలతకు కోసి, అందులో నన్ను ఇరికించి, గుమ్మానికి ఎదురుగోడకు మేకుతో కొట్టాడు. నాకు రెండు పక్కలా పురుగుల అరలు కనబడేవి, పై అర, నడిమి అర, కింది అర. ఎదురుగా గుమ్మం, దాని అవతల పందిరి. ఎవరు కదిలినా నేను బొమ్మ పట్టేస్తాను. వెంటనే తిప్పేస్వామి జేబులోని ఫోను మోగుతుంది.

పని ముగించి, తిప్పేస్వామి పెళ్లాంతో గొంతు తగ్గించి అన్నాడు. "ఆమె లోపలికొస్తే ఇంక దొరుకుతాది. ఒక్కసారి దొరికితే సాలు. వాళ్లన్నను పిలిపించి పంపించేస్తా."

"ఆమె వచ్చేది నువ్వు చూసినావా?" అంది పుష్పావతి.

"చూసేకే కదే ఇది పెట్టింది!"

అప్పుడు తెలిసింది నాకు, నన్ను ఎవరి మీదికి కాపలా పెట్టారో. ఆమె పెట్టెలోంచి తీసి, ఆమె చేతి మీదుగా తీసుకుని, ఆమెనే పట్టివ్వమన్నారు.

మూడు జ్వరాలు సాఫీగా గడిచాయి. నాలుగోది లేచాక పురుగులు మళ్లీ చావసాగాయి. ముందు నడిమి అరలో ఒక మూల. తలలెత్తి అటూ ఇటూ ఊపేవి, నోటి నుంచి పచ్చరసం కారేది, ఒళ్లు ముడుచుకుని రాలిపోయేవి. పుష్పావతి చచ్చినవాటిని చేటలోకి ఏరేది. తిప్పేస్వామికి ఆకలి పోయింది. కూలి నుంచి వస్తూనే షెడ్డులోకి దూరేవాడు. గుమ్మం ముందు సున్నం పొడి తొక్కేవాడు, చేతులు కడుక్కునేవాడు, అన్నీ పద్ధతిగానే చేసేవాడు. నాలుగో జ్వరం లేచిన రోజు నుంచే, లోపలికి వచ్చాక భుజం మీది తువ్వాల తీసి, దాని కొసతో నడిమి అర పొడుగునా మెల్లగా తుడిచేవాడు. పెదవులు కదిలేవి. చివరన గుమ్మం దగ్గర తువ్వాలను బయటికి దులిపేవాడు. మనుషులకు తగిలిన దిష్టిని తల్లులు చీరకొంగుతో తుడిచి పారేసినట్టు, వదిన కన్ను తగిలిన దిష్టిని తువ్వాలతో తుడిచి పారేస్తున్నాడన్నమాట. పురుగులు ఎంత చస్తే అంత ఎక్కువ తుడిచేవాడు.

నేను అదంతా పట్టాను, పంపాను. సాయంత్రం పందిరి కింద కూర్చుని ఒక్కో వీడియో చూసేవాడు. పుష్పావతి కనబడితే దాటించేవాడు, తల్లి కనబడితే దాటించేవాడు, తాను కనబడితే ఇంకా తొందరగా దాటించేవాడు. తన మొహంలో వెతకడానికి ఏముంటుంది? వదిన మొహం కోసం చూసేవాడు. దొరక్క విసుక్కునేవాడు. వాసన తెలిసే ముక్కు నాకు లేదు. ఉన్నా చెప్పే నోరు లేదు.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. తిప్పేస్వామి ఏదో టమాటా తోటలో మందు కొట్టే కూలికి పోయాడు. అన్న పోయి టెంపో పోయాక, ఇల్లు గడవడానికి అతను పట్టిన పని అది. పుష్పావతి, మారెక్క ఆకు కోయడానికి తోటకు పోయారు. ఫ్యాన్లు ఆగాయి. రేకులు కాలుతున్నాయి. పురుగులు ఆకు తింటుంటే వానజల్లు పడుతున్నట్టుండే చప్పుడు కొంచెం కొంచెంగా సన్నగిల్లి, ఆగిపోయింది.

పందిరి కింద కొమ్మలు కత్తిరిస్తున్న అశ్వత్థమ్మ చేయి ఆగింది. ఆమె ఆ చప్పుడు ఆగడాన్ని విన్నది.

"పుష్పా! ఓ పుష్పా!"

పలికేవాళ్లు లేరు. ఫోన్ చేద్దామంటే ఆమెకున్న ఒక్క ఫోన్‌నీ గోడకు కొట్టేశారు, అదీ పలకదు. గుమ్మం దాకా వచ్చింది. నన్ను చూసింది. నేను ఎవరి కోసం అక్కడ ఉన్నానో ఆమెకు తెలుసని ఆ చూపులోనే అర్థమైంది. వెనక్కి తిరిగి నాలుగు అడుగులు వేసింది. మళ్లీ వచ్చింది. లోపల నడిమి అరలోని పురుగులు ఒకదాని మీద ఒకటి పాకుతున్నాయి.

"చూస్తే చూడనీ" అని గొణుక్కుని, చెంబెడు నీళ్లు ముంచుకుని, సున్నం పొడి తొక్కి గడప దాటింది.

ఛార్జరుకు కరెంటు లేదు. నా బ్యాటరీ ముసలిది, పైగా ఎండకు ఒళ్లంతా మండిపోతోంది. ఆ క్షణంలో ఆరిపోవాలని కోరుకున్నాను. ఆరిపోయి ఉంటే ఆమె దొరికేది కాదు. కానీ అది నా చేతిలో లేదు. ఆమె చెంబు పట్టుకుని నడిమి అర దగ్గరికి వచ్చింది, పురుగుల మీదికి చేయి చాపింది. నేను బొమ్మ పట్టాను. పంపాను. అప్పుడు ఆరిపోయాను.

ముందే ఆరినా బాగుండేది, ఇంకాస్త సేపు వెలిగినా బాగుండేది. సగం చెప్పి ఊరుకున్న కొండెం కంటే చెడ్డది లేదు.

సాయంత్రం కరెంటు వచ్చి తిప్పేస్వామి నన్ను లేపేసరికి గోడకు వేలాడే గోనెపట్టాలన్నీ తడిసి ఉన్నాయి, గాలి చల్లబడింది, పురుగుల చప్పుడు మళ్లీ మొదలైంది. తిప్పేస్వామి చూపు మాత్రం వేటి మీదా నిలవలేదు. "దొరికింది" అన్నాడు. గొంతులో సంతోషం లేదు, ఊపిరాడని మనిషికి కిటికీ కనబడినట్టు ఉంది.

మరుసటి పొద్దున అశ్వత్థమ్మ అన్న ఓబన్న బండి మీద వచ్చాడు. పందిరి కింద అందరూ నిలబడ్డారు. గుమ్మంలోంచి నాకు అంతా కనబడుతోంది. అశ్వత్థమ్మ పక్కన ఆమె ట్రంకుపెట్టె ఉంది. ఎవరు తెచ్చి పెట్టారో తెలియదు.

"చూడన్నా నీ చెల్లెలు చేసిన పని" అంటూ తిప్పేస్వామి తన ఫోను ముందుకు చాపాడు.

ఓబన్న కండ్లు చికిలించి చూశాడు. "చెంబు పట్టుకోనుండాది. అంతే కదప్పా?"

"చెయ్యి చాపిండేది కనపళ్ల్యా? ఆ తర్వాత ఇది ఆరిపోయింది. ఏం చేసిందో దేవునికే తెల్సు."

"దేవున్ని యాల అడిగేది, నన్నడుగు" అంది అశ్వత్థమ్మ. "కరెంటు పోయింది. పురుగు ఉడికిపోతాండాది. పట్టాలు తడిపినా. అంచు మీద నుంచి ఒక పురుగు పడబోతాంటే లోపలికి తోసినా."

"రావద్దని చెప్పింటి కదా?"

"రాకుంటే ఈ పొద్దు నీ పురుగు చీమల నోట్లో ఉండేది."

"యట్లైనా చస్తాండాది కదా! అన్న పోయినప్పటి నుంచి ఇది రెండో పంట. మొగుడు ల్యాని దాని కన్ను పడితే పంట నిలస్తాదా?"

స్తంభానికి ఆనుకుని కూర్చున్న మారెక్క తలెత్తింది. "ఏం రా, మీ నాయన పోయి ఎన్నేండ్లాయ? నాకేమన్నా మొగుడుండాడా? నేను దినామూ లోపలికి పోతాండా కదా."

"నువ్వు అమ్మవి. నీది వేరే."

"యట్ల వేరేరా? కన్నుకు కూడా కొడుకులుంటారా?"

 తిప్పేస్వామి ఓబన్న వైపు తిరిగి, "తోలుకోని పో అన్నా. నాకు ఈ పంట ల్యాకుంటే బతుకు ల్యా" అన్నాడు.  అతను చెడ్డవాడు కాడు, భయపడ్డవాడు. భయపడ్డవాడి చేతికి ఎవరో ఒకరు దొరకాలి.

ఓబన్న తన బండి వైపు ఒకసారి, పెట్టె వైపు ఒకసారి చూశాడు. "తోలుకోని పోయేదానికి... మా ఇంట్లో కూడా చోటు చూడల్ల కదప్పా. మా ఆమెతో ఒక మాట..." అని నసిగాడు. అశ్వత్థమ్మ ఆ మాట విని నేలవైపు చూసింది. పుట్టిల్లు కూడా ఆ నసుగుడులోనే తేలిపోయింది. ఆమెకు ఇక నిలబడ్డ చోటు తప్ప వేరే చోటు లేదు.

"పోతా" అంది చివరికి. "యాడికైనా పోతా. పోయే ముందర ఒకటి అడుగుతా. అది నా ఫోను. అది చూసిందంతా నాకు చూపించండి. లోపలికొచ్చింది నేనొక్కదాన్నేనా?"

"మా మొగాలు చూసేకి ఏముంది వదినా?"

"ఏమీ ల్యాకుంటే చూపించేకి నొప్పేముంది?"

"చూపించప్పా, అన్నీ చూపించు" అన్నాడు ఓబన్న హుషారుగా. చెల్లెలి మీది ప్రేమో, ఇంట్లో పెళ్లాం మీది భయమో, ఆ మాట మాత్రం గట్టిగానే వచ్చింది.

తిప్పేస్వామి విసురుగా వేలు కదిపాడు. అయిదు తలలు ఆ చిన్న అద్దం మీదికి వంగాయి. పుష్పావతి ఆకు పరుస్తోంది. మారెక్క పురుగునొకదాన్ని వేలితో నిమురుతోంది. తిప్పేస్వామి తువ్వాలతో తుడుస్తున్నాడు. పుష్పావతి. మారెక్క. తిప్పేస్వామి, తువ్వాల. మళ్లీ తిప్పేస్వామి, మళ్లీ తువ్వాల.

"ఇదేందిరా చేస్తాండావు?" అంది మారెక్క.

"దిష్టి తీస్తాండా."

"ఆగు" అంది పుష్పావతి. "మల్ల పెట్టు అది."

"యాల?"

"పెట్టు అంటి కదా."

పెట్టాడు. తువ్వాల కొస నడిమి అర మీద పాకుతూ పోయింది. పుష్పావతి ఏమీ అనకుండా షెడ్డులోకి వచ్చింది. నా కింద నిలబడి పై అర చూసింది. వంగి కింది అర చూసింది. రెండు చోట్లా పురుగులు తెల్లగా, నిండుగా, ఆకు మీద ఆకు కొరుకుతూ ఉన్నాయి. నడిమి అరలో సగం రాలిపోయాయి. రోజూ చచ్చినవాటిని ఏరింది ఆమే. ఎక్కడ ఏరిందో ఇప్పటిదాకా ఆలోచించలేదు. కింది అర నుంచి రెండు మంచి పురుగుల్ని ఆకుతో సహా తీసుకుని బయటికి పోయింది.

"నీ చెయ్యి అందే కాడనే చస్తాండాయి" అంది మొగుడితో. "వదిన కన్నుకు పై అర, కింది అర కనపడవా?"

అతని భుజం మీది తువ్వాల లాగి, ముక్కు దగ్గర పెట్టుకుని, వెంటనే దూరం జరిపింది. అత్త ముక్కు కింద పెట్టింది. మారెక్క మొహం చిట్లించింది.

"మందు వాసనరా ఇది! దీన్ని మూతికి కట్టుకోనే కదా నువ్వు టమాటాలకు కొట్టేది?"

"చేతులు కడుక్కున్నా. కాళ్లు కడుక్కున్నా."

"దీన్ని ఉతికినావా?"

తిప్పేస్వామి తువ్వాల కోసం చేయి చాపాడు. 

పుష్పావతి తువ్వాలను పెట్టె మీద పరిచి, ఆ రెండు పురుగుల్ని ఆకుతో సహా దాని మీద వదిలింది. ఎవరూ కదల్లేదు. ఓబన్న కూడా బండి తాళం గుప్పిట్లో పట్టుకుని వంగి చూస్తున్నాడు. పురుగులు ఆకు అంచు కొరికాయి, తువ్వాల మీదికి పాకాయి, మళ్లీ ఆకు మీదికి వచ్చాయి. ఏమీ కాలేదు. తిప్పేస్వామి ఊపిరి వదిలి, "చూసినారా..." అని మొదలుపెట్టాడు. అశ్వత్థమ్మ కళ్లు మూసుకుంది. నాకు మూసుకోవడానికి రెప్ప లేదు.

కొంతసేపటికి ఒక పురుగు తినడం మానేసింది. తలెత్తింది. ఎవరో పిలిచినట్టు అటు చూసింది, ఇటు చూసింది, ఊగసాగింది. రెండోదీ తలెత్తింది. మొదటిదాని నోటి నుంచి పచ్చటి బొట్టు ఒకటి తువ్వాల మీదికి కారింది.

"రెండు పంటలు" అన్నాడు తిప్పేస్వామి. మళ్లీ అన్నాడు, "పోయిన పంటకూ దీంతోనే అర దులిపినా. రెండు పంటలు నేనే..." నేల మీద కూలబడి, ఖాళీ భుజాన్ని చేత్తో తడుముకున్నాడు.

ఎవరూ అతన్ని తిట్టలేదు. ఎవరూ అశ్వత్థమ్మను క్షమించమనీ అడగలేదు. మనుషులు నింద వేసేటప్పుడు పంచాయితీ పెట్టి పదిమందిని పిలుస్తారు. ఆ నింద తప్పని తేలితే ఒక్కొక్కరికీ ఒక్కో పని గుర్తొస్తుంది. ఓబన్నకు ఊళ్లో పని గుర్తొచ్చింది. "భోంచేసి పో అన్నా" అన్నా వినకుండా, వచ్చినప్పటి కంటే తేలికగా బండెక్కి పోయాడు. మారెక్క ట్రంకుపెట్టెను తానే లోపలికి లాక్కుపోయింది. పుష్పావతి తువ్వాలను కర్రతో ఎత్తి ఊరవతలికి తీసుకుపోయింది.

తిప్పేస్వామి స్టూలు వేసుకుని నా దగ్గరికి వచ్చాడు. మేకు మీద చేయి వేశాడు.

"తీసేస్తా వదినా. నీ ఫోను నీకిస్తా." ఒక క్షణం ఆగి, తల తిప్పకుండానే అన్నాడు. "బొమ్మలు మాత్రం ల్యావు. చోటు చాలక నేనే తుడిచేసినా."

అశ్వత్థమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. గుమ్మం కొయ్యను పట్టుకున్న ఆమె వేళ్లు తెల్లబడటం చూశాను. ఆ రోజంతటిలో ఆమె ఏడ్చింది అప్పుడే, అదీ చప్పుడు లేకుండా. తర్వాత మొహం తుడుచుకుంది.

"తీయొద్దు" అంది.

"యాల వదినా?"

"రేపు ఇంకో పంట పోతాది. పంటలన్నాక పోతాయి. అప్పుడు మల్ల నా కన్నే అంటారు. ఉండనీ దాన్ని. నేను వచ్చేదీ, పోయేదీ, ఏం చేసేదీ అన్నీ చూడనీ. నన్నే కాదు, అందర్నీ."

ఆకుబుట్ట ఎత్తుకుని, సున్నం పొడి తొక్కి లోపలికి వచ్చింది. ఆ గొడవలో పురుగులకు ఆకు వేయడం అందరూ మరిచిపోయారు. ఆకలితో అవి తలలు ఎత్తి వెతుకుతున్నాయి. ఆమె కొంగు నడుముకు దోపుకుని పరవసాగింది.

నడిమి అరలోనివి దక్కలేదు. గుంట తీసి, సున్నం చల్లి పూడ్చారు. పై అర, కింది అర పండి చంద్రికలెక్కాయి. నేను ఇప్పటికీ ఆ చెప్పుముక్కలోనే ఉన్నాను. ఎండకు నా వీపు ఉబ్బింది, అద్దం అంచులు పైకి లేస్తున్నాయి. ఏదో ఒకరోజు పాతసామాన్లవాడు సైకిలు ఆపి నన్ను గోనెలో వేసుకుంటాడు. దానికి నాకు బాధ లేదు. చూసింది చూసినట్టు చెప్పడమే నిజం అనుకునేదాన్ని. చూసినవాళ్లు దేన్ని దాటించేస్తున్నారో కూడా ఎవరైనా అడగాలని ఇక్కడికి వచ్చాకే తెలిసింది.

కొత్త పురుగులు వచ్చాయి. మొన్న మూడో జ్వరం లేచాయి. అశ్వత్థమ్మ నాకు వీపు పెట్టి నడిమి అరలో ఆకు సర్దుతోంది. కూలి నుంచి వచ్చిన తిప్పేస్వామి గుమ్మం అవతలే ఆగాడు. కాళ్లు కడుక్కున్నాడు. చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు. సున్నం మీద నిలబడి, లోపలికి తొంగిచూసి అడిగాడు.

"వదినా, రావచ్చునా?"

ఆమె తల తిప్పలేదు.

"తువ్వాల అవతల పెట్టి రా."